రంగు కింద దాగిన పని
జిగురు, సీలెంట్, పూత: ఈ నెల సైన్స్ పాఠం మీ ఇంటికి



గత నెల మా బ్రాంచ్‌లో జరిగిన సైన్స్ ఎగ్జిబిషన్‌కు మీలో చాలామంది వచ్చారు. తొమ్మిదో తరగతి పిల్లలు చేసిన వంతెనల నమూనాలు చూసి మెచ్చుకున్నారు. వాటిలో ఫస్ట్ ప్రైజ్ వచ్చిన వంతెన గురించి ఒక నిజం ముందుగా చెప్పేస్తాను. దానికి మార్కులు వేసింది నేనే. తెల్లటి ఎనామిల్ రంగు, ఎర్రటి రెయిలింగ్, పైన బుజ్జి బుజ్జి కార్లు. చూడగానే ముచ్చటేసింది. సాయంత్రం అందరూ ఫోటోలు తీసుకుంటుండగా ఒక పాప తన వాటర్ బాటిల్ తెచ్చి దాని మీద పెట్టింది. వంతెన కూలిపోయింది. ఒక్క పుల్ల కూడా విరగలేదు. అతికించిన చోటల్లా విడిపోయింది. ఏ ముక్కకు ఆ ముక్క, అసలు జిగురే అంటనట్టు శుభ్రంగా ఊడివచ్చింది.

పక్క టేబుల్ మీద ఇంకో వంతెన ఉంది. దానికి రంగు లేదు. ఐస్‌క్రీమ్ పుల్లల మీద పెన్సిల్ గీతలు కూడా అలాగే ఉన్నాయి. దానికి నేను పదికి ఆరు వేశాను. ‘ప్రెజెంటేషన్ బాగాలేదు’ అని రిమార్క్ కూడా రాశాను. ఎవరో సరదాకి అదే బాటిల్ తీసి దీని మీద పెట్టారు. తర్వాత రెండోది, తర్వాత నాలుగోది. అది కదల్లేదు.

ఆ అబ్బాయి వాళ్ల నాన్నగారు అక్కడే ఉన్నారు. ఆయనకు ఆటోనగర్‌లో కార్ల డెంటింగ్, పెయింటింగ్ షెడ్డు ఉంది. ‘ఎలా చేశాడండీ?’ అని అడిగాను.

‘ఏముంది మేడమ్, మా షెడ్డులో చూసిందే చేశాడు. పుల్ల పుల్లనీ ఎమరీ పేపర్ పెట్టి రుద్దాడు. దుమ్ము తుడిచాడు. అతికించాక రబ్బరు బ్యాండ్లు వేసి రెండు రోజులు ఇంట్లో ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. కారుకి రంగు కొట్టడం గంట పని మేడమ్. దానికి ముందు రుద్దడం, కడగడం, ఆరబెట్టడం రెండు రోజుల పని. కస్టమర్‌కి రంగే కనపడుతుంది’ అన్నారాయన నవ్వుతూ.

నేను బీఎస్సీలో, బీఈడీలో పుస్తకాలు తిరగేసి నేర్చుకున్న కెమిస్ట్రీ ఆయన నాలుగు మాటల్లో చెప్పేశారు. అందుకే ఈ నెల పేజీ ఆ నాలుగు మాటల మీదే రాస్తున్నాను. చదివాక పిల్లలతో కలిసి చేయడానికి చివర్లో రెండు ప్రయోగాలు కూడా ఇచ్చాను.

మూడు పదార్థాలు, మూడు పనులు

పిల్లలు ఇంగ్లీషులో అధీసివ్, సీలెంట్, కోటింగ్ అని మూడు మాటలు చదువుతారు. మూడూ డబ్బాల్లో, ట్యూబుల్లో వస్తాయి కాబట్టి మూడూ ఒకటే అనుకుంటారు. నిజానికి వాటి పనులు వేరు.

అధీసివ్ అంటే జిగురు. రెండు వస్తువులను కలిపి పట్టుకోవడం, బరువును ఒకదాని నుంచి ఇంకోదానికి చేరవేయడం దాని పని. సీలెంట్ పని సందు మూయడం. నీళ్లు, గాలి, దుమ్ము అటునుంచి ఇటు రాకుండా ఆపాలి. వస్తువులు వేడికి సాగినా, చలికి కుంచించుకున్నా తనూ వాటితో పాటు సాగి ముడుచుకోవాలి. కోటింగ్ అంటే పూత. లోపలి వస్తువుకు చర్మంలాంటిది. ఎండ, వాన, ఉప్పుగాలి ముందు తనని తాకేలా నిలబడుతుంది.

ఈ మూడూ ఒకేచోట చూడాలంటే మీ కారు దగ్గరికి వెళ్లండి. ముందు అద్దాన్ని బాడీకి పట్టి ఉంచేది పాలీయురేథేన్ జిగురు. బాడీ రేకులు వెల్డింగ్ చేసిన సందుల్లో నీళ్లు దిగకుండా ఫ్యాక్టరీలోనే సీలెంట్ గీత పూస్తారు. ఇక రంగు. రంగు వేసే ముందు బాడీ మొత్తాన్ని నూనె జిడ్డు పోయేలా కడుగుతారు. ఫాస్ఫేట్ ద్రావణంతో ఉపరితలాన్ని సిద్ధం చేస్తారు. తర్వాత పెద్ద తొట్టిలో ముంచి, కరెంటు సాయంతో మొదటి ప్రైమర్ పొర సందుసందుకీ పట్టేలా చేస్తారు. దాని మీదే మనకు కనిపించే రంగు పొరలు వస్తాయి. ఇన్ని పొరలూ కలిపినా సుమారు ఒక ఎ4 కాగితం మందమే. అంత పల్చని పొర వానల్లో, ఎండల్లో ఏళ్ల తరబడి నిలుస్తోందంటే ఆ గొప్ప రంగు ఒక్కదానిదే కాదు. కింద జరిగిన కడుగుడుది కూడా.

జిగురు ఎందుకు అంటుకుంటుంది?

‘జిగటగా ఉంటుంది కాబట్టి’ అని పిల్లలు జవాబిస్తారు. తేనె కూడా జిగటే. తేనెతో కుర్చీ కాలు అతకదు కదా!

మంచి అతుకుకు రెండు దశలు కావాలి. మొదటి దశలో జిగురు నీళ్లలా పారి ఉపరితలాన్ని పూర్తిగా తడపాలి. కంటికి నున్నగా కనిపించే చెక్క కూడా మైక్రోస్కోప్ కింద కొండలు, లోయలలా ఉంటుంది. జిగురు ఆ లోయల్లోకి దిగాలి. అణువులు అణువులకు అతి దగ్గరగా చేరితేనే వాటి మధ్య ఆకర్షణ పనిచేస్తుంది. మధ్యలో దుమ్ము, నూనె, తేమ ఉంటే జిగురు వాటిని పట్టుకుంటుంది, వస్తువును కాదు. మా ఫస్ట్ ప్రైజ్ వంతెనలో జరిగింది ఇదే. ఆ పిల్లలు ముందు పుల్లలకు నున్నని ఎనామిల్ వేసి, అది సరిగా ఆరకముందే వాటి మీద జిగురు పెట్టారు. జిగురు రంగును పట్టుకుంది. రంగు పుల్లను వదిలేసింది.

రెండో దశలో జిగురు గట్టిపడాలి. ఇది ఒక్కో జిగురులో ఒక్కోలా జరుగుతుంది. ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు అందులోని నీరు పోతే గట్టిపడుతుంది. చెక్క, కాగితం ఆ నీటిని పీల్చుకుంటాయి. రెండు గాజు పలకల మధ్య పెడితే నీరు పోయే దారి లేదు. అందుకే అక్కడ రోజుల తరబడి తడిగానే ఉండిపోతుంది. సూపర్ గ్లూ దీనికి తలకిందులు. గాలిలోనూ, వస్తువు మీదా ఉండే కొద్దిపాటి తేమ తగలగానే దాని అణువులు గొలుసులుగా అల్లుకుంటాయి. మన వేళ్లు అంత త్వరగా అతుక్కునేది అందుకే, వేళ్ల మీద తేమ ఎక్కువ. ఎపాక్సీ మూడో రకం. రెండు ట్యూబుల్లోనో, రెండు రంగుల ముద్దల్లోనో వస్తుంది. ఒకటి రెసిన్, రెండోది హార్డెనర్. రెండూ సరైన పాళ్లలో కలిస్తేనే రసాయన చర్య పూర్తవుతుంది. ‘కొంచెం హార్డెనర్ ఎక్కువేస్తే ఇంకా గట్టిగా పట్టేస్తుంది’ అనుకోవడం పొరపాటు. మిగిలిపోయిన హార్డెనర్ అతుకును బలహీనం చేస్తుంది.

ఇది కొత్త విద్యేమీ కాదు. కొండపల్లి బొమ్మలు మీ ఇంట్లో ఉంటే ఒకసారి చేతిలోకి తీసుకోండి. తేలికైన తెల్లపొణికి కర్రను ముక్కలుగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి చేసిన ‘మక్కు’తో ఆ ముక్కలను అతుకుతారు. పైన సున్నం పూత, అది ఆరాక రంగులు. జిగురు, దాని మీద ప్రైమర్, దాని మీద రంగు. ఆటోనగర్ షెడ్డులో వరసా అదే.

ఒక విమానం, మిల్లీమీటరు రేకు

అతుకు కింద తేమ చేరితే ఏమవుతుందో చరిత్రలో ఒక పెద్ద ఉదాహరణ ఉంది. పిల్లలకు ఈ కథ చెప్పినప్పుడు క్లాసు నిశ్శబ్దమైపోయింది.

1988 ఏప్రిల్ 28. అమెరికాలోని హవాయి దీవుల్లో హీలో నుంచి హోనొలులుకు వెళుతున్న అలోహా ఎయిర్‌లైన్స్ 243 విమానం. బోయింగ్ 737 రకం, వయసు 19 ఏళ్లు. 24,000 అడుగుల ఎత్తులో ఉండగా ముందు భాగం పైకప్పు సుమారు 18 అడుగుల పొడవున ఊడి ఎగిరిపోయింది. ప్రయాణికులు సీటు బెల్టులతో, నెత్తిన ఆకాశంతో మిగిలారు. పైలట్లు ఆ విమానాన్ని మౌయి దీవిలో సురక్షితంగా దించారు. విమానంలో ఉన్న 95 మందిలో 94 మంది బతికారు. నిలబడి పని చేసుకుంటున్న ఒక ఫ్లైట్ అటెండెంట్ మాత్రం ఆ గాలికి బయటికి కొట్టుకుపోయి ప్రాణాలు కోల్పోయారు.

కారణం ఏమిటి? విమానం ఒంటికి చుట్టిన అల్యూమినియం రేకు మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. ఒక రేకు అంచు మీద ఇంకో రేకు అంచు ఎక్కించి, మధ్యలో ఎపాక్సీ జిగురు పట్టించిన పల్చని గుడ్డ పెట్టి, పైన మూడు వరసల రివెట్లు కొట్టారు. బరువు జిగురే మోయాలని, రివెట్లు తోడుగా ఉంటాయని డిజైన్ ఉద్దేశం. ఈ జిగురు గుడ్డను ఫ్రిజ్‌లో దాచాలి. ఫ్రిజ్ నుంచి తీసిన సీసా మీద చెమట పట్టినట్టే, దాని మీదా తేమ చేరవచ్చు. రేకు ఉపరితలం సరిగా సిద్ధం కాకపోయినా, తేమ ఉండిపోయినా పట్టు బలహీనమవుతుంది. ఈ పద్ధతిలో వచ్చిన ఇబ్బందులు చూసి తయారీ సంస్థ 1972లోనే దాన్ని మార్చేసింది. ఈ విమానం మాత్రం 1969 నాటిది.

అతుకు మెల్లగా విడింది. సందులోకి సముద్రపు ఉప్పు తేమ దిగింది. లోహం తుప్పుగా మారితే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి, ఆ తుప్పు రేకులను ఇంకా దూరం నెట్టింది. జిగురు మోయాల్సిన బరువంతా రివెట్ల మీద పడింది. విమానం పైకెళ్లినప్పుడల్లా లోపలి గాలి పీడనానికి బుడగలా కొద్దిగా ఉబ్బుతుంది, దిగాక తగ్గుతుంది. దీవుల మధ్య చిన్న చిన్న ప్రయాణాలు కాబట్టి ఆ విమానం అప్పటికి 89,680 సార్లు ఎగిరి దిగింది. ప్రతిసారీ రివెట్ల రంధ్రాల దగ్గర వెంట్రుకలాంటి పగుళ్లు కొంచెం కొంచెం పెరిగాయి. ఒక రోజు అవన్నీ ఒకదాన్నొకటి కలుసుకున్నాయి. తనిఖీల్లో అతుకు విడటాన్నీ, పగుళ్లనూ ఎయిర్‌లైన్స్ పట్టుకోలేకపోయిందని దర్యాప్తు తేల్చింది.

ఆ రిపోర్టులో ఇంకో చిన్న విషయం ఉంది. విమానం ఎక్కేటప్పుడు ఒక ప్రయాణికురాలు తలుపు దగ్గర రేకు మీద పగులు చూశారు. ఎవరికీ చెప్పలేదు. ఈ విషయానికి చివర్లో మళ్లీ వస్తాను.

కుక్కర్ రబ్బరు చెప్పే పాఠం

ఇప్పుడు సీలెంట్ల సంగతి. మీ వంటింట్లో ఉన్న గొప్ప సీల్ కుక్కర్ మూత రబ్బరు. కొత్తలో మెత్తగా ఉండి మూత ఎక్కడ నొక్కితే అక్కడ ఒదుగుతుంది. పాతబడి గట్టిపడితే ఆవిరి పక్కల నుంచి పోతుంది, విజిల్ రాదు. రబ్బరు అక్కడే ఉంది, కానీ ఒదిగే గుణం పోయింది. సీల్‌కు ప్రాణం ఆ ఒదిగే గుణమే.

1986 జనవరి 28న అమెరికా అంతరిక్ష నౌక ఛాలెంజర్ బయలుదేరిన 73 సెకన్లకు ముక్కలైంది. ఏడుగురు వ్యోమగాములు చనిపోయారు. పక్కన ఉండే ఘన ఇంధన రాకెట్టును కొన్ని భాగాలుగా చేసి ఒకదానిలో ఒకటి బిగిస్తారు. ఆ కీళ్ల దగ్గర వేడి వాయువు బయటికి రాకుండా ఓ-రింగ్ అనే రబ్బరు వలయాలు ఉంటాయి. ఇంధనం అంటుకోగానే కీలు కొద్దిగా తెరుచుకుంటుంది. రబ్బరు కన్నుమూసి తెరిచేలోగా ఆ సందును నింపాలి. ఆ ముందు రాత్రి ఫ్లోరిడాలో గడ్డకట్టే చలి. చలికి రబ్బరు బిరుసెక్కింది. సమయానికి ఒదగలేదు.

భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ విచారణ సంఘం ముందు దీన్ని ఒక గ్లాసు ఐసు నీళ్లతో చూపించారు. ఆ రబ్బరు ముక్కను క్లాంపుతో నొక్కి నీళ్లలో ఉంచి తీశారు. క్లాంపు విప్పాక అది వెంటనే మునుపటి ఆకారానికి రాలేదు. కోట్ల డాలర్ల ప్రమాదానికి ఒక గ్లాసు నీళ్లతో వివరణ! బాధ కలిగించే సంగతి ఏమిటంటే, రాకెట్ తయారుచేసిన సంస్థ ఇంజినీర్లు ముందురోజు రాత్రే ఇంత చలిలో వద్దని చెప్పారు. వాళ్ల మాట నెగ్గలేదు.

మన ఇళ్లలో సీలెంట్ పాఠం ఏటా వానాకాలంలో వస్తుంది. బాత్రూమ్ మూలల్లో, కిటికీ చుట్టూ పూసే సిలికాన్‌కు వెనిగర్ వాసన వస్తుంటే, అది గాలిలోని తేమతో గట్టిపడుతూ ఎసిటిక్ ఆమ్లం వదులుతోందని అర్థం. పాత సిలికాన్ మీదే కొత్తది పూస్తే అది సరిగా పట్టదు. పాతది పూర్తిగా తీసి, తుడిచి, ఆరనిచ్చి పూయాలి. స్లాబు కారుతున్నప్పుడు పైపైన ఏదో పూసి వెళ్లే మేస్త్రీ కన్నా, ముందు పగుళ్లు తెరిచి, నాచు గీకి, ఎండనిచ్చే మేస్త్రీ ఎక్కువ అడిగినా ఇవ్వవచ్చు.

సముద్రం మధ్యలో ఒక వంతెన

పూతలకు అసలు పరీక్ష సముద్రతీరం. విశాఖలోనో కాకినాడలోనో తీరం దగ్గర ఇల్లున్నవారికి గేటు ఎంత త్వరగా తుప్పు పడుతుందో తెలుసు. ఇనుము, నీరు, ఆక్సిజన్ కలిస్తే తుప్పు. ఉప్పు ఆ పనిని ఇంకా వేగం చేస్తుంది.

రామేశ్వరం వెళ్లిన వాళ్లు పాంబన్ వంతెన చూసి ఉంటారు. 1914లో తెరిచిన పాత రైలు వంతెన ఆ ఉప్పుగాలిలో 2022 డిసెంబర్ దాకా రైళ్లను మోసింది. దాని పక్కనే కట్టిన కొత్త వంతెన 2025 ఏప్రిల్ 6న, శ్రీరామనవమి రోజు ప్రారంభమైంది. పొడవు 2.08 కిలోమీటర్లు. ఓడలు వెళ్లడానికి 72.5 మీటర్ల భాగం లిఫ్టులా నిలువుగా పైకి లేస్తుంది. అందరూ ఆ లిఫ్టును ఫోటో తీస్తారు. వంతెన ఆయుష్షు మాత్రం ఎవరూ ఫోటో తీయని పాలీసిలాక్సేన్ పూత మీద, స్టెయిన్‌లెస్ స్టీల్ చువ్వల మీద కూడా ఆధారపడి ఉంది.

ఇలాంటి ఉక్కుకు పూత ఎలా వేస్తారు? ముందు ఇసుకలాంటి గరుకు రేణువులను గాలి ఒత్తిడితో కొట్టి పాత తుప్పు, పొలుసు అంతా రాలగొడతారు. దీన్ని బ్లాస్టింగ్ అంటారు. ఉక్కు దాదాపు తెల్లగా మెరిసే దాకా, రంగు పట్టుకోవడానికి సన్నని గరుకు వచ్చేదాకా కొడతారు. తర్వాత గాలిలో తేమ కొలుస్తారు. ఉక్కు వేడి, మంచు పట్టే ఉష్ణోగ్రత కన్నా కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉంటేనే డబ్బా మూత తీస్తారు. లేకపోతే కంటికి కనపడని నీటి పొర మీద రంగు వేసినట్టే. కొట్టిన ఉక్కును ఎక్కువసేపు వదిలేసినా మళ్లీ తుప్పు మొదలవుతుంది, కాబట్టి ఆలస్యం చేయకుండా ప్రైమర్ వేస్తారు.

ఆ ప్రైమర్‌లో తరచుగా జింకు పొడి ఉంటుంది. జింకు స్వభావం గమ్మత్తుగా ఉంటుంది. ఇనుమూ జింకూ కలిసి తడిస్తే ముందు జింకే కరుగుతుంది. ఇనుమును కాపాడి తాను అరిగిపోతుంది. మన జీఐ రేకులకు, జీఐ బకెట్లకు చిన్న గీత పడినా వెంటనే తుప్పు పట్టకపోవడానికి కారణం ఇదే. జింకు పొర మీద మధ్య పొరగా సాధారణంగా ఎపాక్సీ వేస్తారు, అది నీళ్లను లోపలికి రానివ్వదు. ఎపాక్సీ ఎండకు పొడిపొడిగా రాలుతుంది. అందుకే పైన ఎండను తట్టుకునే ఇంకో పొర కావాలి. ఒక్కో పొరకు ఒక్కో పని. ఒక్కో పొర మందాన్నీ మైక్రాన్లలో కొలిచి రాసిపెడతారు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు.

మనవాళ్లకు పూత విద్యా కొత్త కాదు. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేతు మీద తిప్పుతూ లక్క కడ్డీ ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టేస్తుంది. ఆ నునుపు రావాలంటే ముందు కర్ర బాగా ఆరాలి, లేతు మీద నున్నగా చిత్రిక పట్టాలి.

ఇంట్లో చేసి చూడండి

మొదటి ప్రయోగం: ఆరు ఐస్‌క్రీమ్ పుల్లలు తీసుకోండి. మూడు జతలు చేయండి. మొదటి జతను ఎమరీ పేపర్‌తో రుద్ది, దుమ్ము తుడవండి. రెండో జతకు కొబ్బరినూనె చేత్తో రాయండి. మూడో జతను ఏమీ చేయకండి. ఒక్కో జతలో ఒక పుల్ల కొస మీద ఇంకో పుల్ల కొస రెండు అంగుళాలు ఎక్కించి తెల్ల జిగురుతో అతికించి, రబ్బరు బ్యాండు వేసి ఒక పూర్తి రోజు ఉంచండి. బ్యాండు తీసి, ఒక్కో జతనూ రెండు చివర్లు పట్టుకుని పొడవునా లాగమనండి. తర్వాత అంచు దగ్గర గోరు పెట్టి పైకి లేపమనండి. పొడవునా లాగితే గట్టిగా ఉన్న అతుకు కూడా అంచు నుంచి లేపితే సులువుగా ఊడుతుంది. అన్ని జిగుర్లకూ ఉన్న బలహీనత ఇదే. ఇంజినీర్లు అతుకులకు పక్కన రివెట్లో బోల్టులో తోడు ఇవ్వడానికి ఒక కారణం కూడా ఇదే.

రెండో ప్రయోగం: మూడు మామూలు ఇనుప మేకులు. ఒకటి అలాగే ఉంచండి. రెండోదానికి నెయిల్ పాలిష్ రెండు పొరలు. మూడోదానికి కూడా అంతే, ఆరాక దాని మీద పిన్నుతో ఒక గీత గీయండి. మూడింటినీ ఉప్పునీళ్లలో తడిపిన దూది మీద పెట్టి, దూదిని తడిగా ఉంచుతూ వారం రోజులు రోజుకో ఫోటో తీయమనండి. గీత దగ్గర తుప్పు పాలిష్ కిందకి ఎలా పాకుతుందో చూడమనండి.

ఒక జాగ్రత్త. ఈ ప్రయోగాలకు సూపర్ గ్లూ వద్దు. అది థర్మకోల్‌ను కరిగిస్తుంది. నూలు బట్ట మీద ఒలికితే వేడి పుట్టి చర్మం కాలవచ్చు. వేళ్లు అతుక్కుంటే లాగకండి, గోరువెచ్చని సబ్బునీళ్లలో నానబెట్టి మెల్లగా విడదీయండి. కంట్లో పడితే రెప్పలు బలవంతంగా తెరవకుండా నీళ్లతో కడుగుతూ వెంటనే కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. థిన్నర్లు, స్ప్రే పెయింట్లు మూసిన గదిలో వాడనివ్వకండి.

మీకు ఒక మనవి

ఎగ్జిబిషన్ ముందురోజు రాత్రి పన్నెండు దాకా మీలో కొందరు పిల్లల ప్రాజెక్టుకు రంగులు వేస్తూ కూర్చుంటారని నాకు తెలుసు. రెడీమేడ్ మోడల్ కొని తెచ్చే తొందర కూడా అర్థమవుతుంది. అందులో మా తప్పే ఎక్కువ. పైరంగు చూసి మార్కులు వేస్తుంటే మీరైనా ఏం చేస్తారు?

అందుకే ఆ మరుసటి సోమవారం క్లాసులో, పెన్సిల్ గీతల వంతెన చేసిన అబ్బాయికి అందరి ముందూ చెప్పాను: ‘నీ వంతెనను నేను సరిగ్గా చూడలేదు. నాదే పొరపాటు.’ ప్రైజ్ వచ్చిన పిల్లల దగ్గర నుంచి ప్రైజ్ తీసుకోలేదు. వాళ్లు అతన్ని కూర్చోబెట్టుకుని తమ వంతెనను మళ్లీ కట్టుకున్నారు, ఈసారి ముందు ఎమరీ పేపర్‌తో. ఇకనుంచి నా క్లాసులో ప్రాజెక్టుకు పది మార్కుల్లో నాలుగు రోజువారీ నోట్‌బుక్‌కు, నాలుగు వస్తువు పనితీరుకు, రెండు మాత్రమే అందానికి. ఏ రోజు ఏం చేశారు, ఏది ఊడింది, ఎందుకు ఊడింది అన్నది నోట్‌బుక్‌లో ఉండాలి. అక్షరాలు వంకరగా ఉన్నా పర్వాలేదు, పిల్లల చేతిరాతే ఉండాలి.

ప్రోగ్రెస్ కార్డు వచ్చిన రోజు కూడా ‘ఎన్ని వచ్చాయి?’ అని అడగడంతో పాటు ‘ఏ పాఠం ఇంకా సరిగా అతకలేదు?’ అని అడిగి చూడండి. ఎనిమిదో తరగతి బీజగణితం సరిగా పట్టకుండా దాని మీద తొమ్మిది, పది పొరలు వేస్తూ పోతే పబ్లిక్ పరీక్ష రోజు ఎక్కడ ఊడుతుందో మాకు తెలుసు.

ఆ విమానంలో పగులు చూసి ఊరుకున్న ప్రయాణికురాలి దగ్గరికి మళ్లీ వస్తాను. ఆమెను తప్పుపట్టలేం. ‘ఇంత పెద్ద విమానం, ఇంతమంది ఇంజినీర్లు, నాకేం తెలుసు?’ అని మనమైనా అనుకునేవాళ్లమే. పిల్లలు కూడా అలాగే అనుకుంటారు. ‘మేడమ్ చెప్పింది తప్పేమో’, ‘నాన్నా, మన స్కూల్ బస్సు కిటికీ ఊగుతోంది’ అనే మాటలు గొంతు దాకా వచ్చి ఆగిపోతాయి. అలాంటి మాట మీ పిల్లల నోట వచ్చినప్పుడు ‘నీకెందుకురా’ అనకండి. బస్సు సంగతైతే మా ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పండి. నా పాఠంలో తప్పైతే డైరీలో రాసి పంపండి. సంతకం పెట్టి జవాబు పంపుతాను.

ప్రయోగాల ఫోటోలు, పిల్లల నోట్‌బుక్ పేజీలు క్లాస్ టీచర్‌కు పంపండి. బాగా వచ్చినవాటితో పాటు ఊడిపోయినవి కూడా పంపండి. వచ్చే నెల ఇంగ్లీష్ పేజీల్లో పిల్లల మాటల్లోనే వేస్తాం.

ఇట్లు,
మీ పిల్లల ఫిజికల్ సైన్స్ టీచర్